వేడెక్కని యంత్రం – కార్యకారణ విచారణ

ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే యంత్రం చెడిపోయినప్పుడు లక్షణానికీ, కారణానికీ గల భేదాన్ని గుర్తించి, క్రమబద్ధంగా ఆలోచించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం. భద్రతా నియమాల అంతరార్థాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఎండకు కొరతలేని సీమ. వేసవిలో దండెం మీద వేసిన బట్ట చూస్తుండగానే ఆరిపోతుంది. కాని వానకాలంలో ముసురు పట్టినప్పుడు గాలి నిండా తేమ ఉంటుంది. తడిబట్ట రెండు రోజులైనా ఆరక ముక్కవాసన వేస్తుంది. అంతస్తుల ఇళ్లలో దండెం కట్టడానికి చోటు కూడ దొరకదు. ఈ ఇబ్బందుల వల్లనే బట్టలు ఆరబెట్టే యంత్రం, అనగా డ్రయ్యరు, పట్టణాలలో కొన్ని ఇళ్లకు చేరింది.

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. మరిగే స్థితికి చేరిన ఒక కిలో నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల ఉష్ణం, అంటే దాదాపు 0.63 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన శక్తి అవసరం. దండెం మీది బట్టకు ఆ శక్తిని సూర్యుడు, వీచే గాలి ఉచితంగా ఇస్తాయి. డ్రయ్యరుకు మాత్రం విద్యుత్తు ఇవ్వాలి. ఈ ప్రాంతంలో ఆ విద్యుత్తు కథ నేలపొరలలో మొదలవుతుంది. సింగరేణి గనులలో తవ్విన బొగ్గు రామగుండంలోని ఎన్.టి.పి.సి. కేంద్రంలో మండి, నీటిని ఆవిరిగా మార్చి, టర్బైన్లను తిప్పుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్తు తీగల వెంట ఇంటికి చేరి, డ్రయ్యరులోని నికెల్, క్రోమియం మిశ్రమలోహపు తీగచుట్టలో మళ్లీ వేడిగా మారుతుంది.

డ్రయ్యరు నిర్మాణం సరళమైనదే. బట్టలను దొర్లించే డ్రమ్ము, దానిని తిప్పే మోటారు, గాలిని వేడిచేసే తీగచుట్ట, ఆ గాలిని బట్టల గుండా నడిపించే పంకా, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే థర్మోస్టాట్, ప్రమాదవేళ వలయాన్ని తెంచే ఉష్ణ ఫ్యూజు ఇందులోని ముఖ్యాంగాలు. బట్టల నుండి రాలే నూగును పట్టే జల్లెడ, తేమగాలిని బయటకు పంపే గొట్టం కూడ వీటితో సమానమైన ప్రాధాన్యం గలవే.

ఇటువంటి యంత్రంలో డ్రమ్ము తిరుగుతున్నా వేడి పుట్టకపోతే ఏం చేయాలి? చాలామంది వెంటనే ఏదో ఒక భాగాన్ని మార్చాలని తొందరపడతారు. భారతీయ తర్కశాస్త్రం ఈ తొందరపాటును అంగీకరించదు. పదిహేడవ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం' నేటికీ ఆ శాస్త్రానికి ప్రవేశగ్రంథం. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండటం అన్వయం. అది లేనిచోట ఇది కూడ లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండింటినీ పరీక్షించిన తరువాతనే కార్యకారణాల సంబంధాన్ని నిశ్చయించాలని తార్కికులు బోధించారు. యంత్రాన్ని బాగుచేసేవాడు తెలిసో తెలియకో అనుసరించే మార్గమూ ఇదే.

మొదటి విచారణ మాటకు సంబంధించినది. మన ఇళ్లలో రెండు తొట్ల వాషింగ్ మెషీనులోని రెండవ తొట్టిని కూడ డ్రయ్యరు అనే పిలుస్తారు. అది బట్టలను అతివేగంగా తిప్పి నీటిని బయటకు చిమ్ముతుంది; వేడి చేయదు. దానిలో తీగచుట్టే లేదు. కనుక అది వేడెక్కకపోవడం లోపం కాదు. శబ్దార్థం నిశ్చయం కానిదే వాదం మొదలుపెట్టరాదన్న నియమం ఇక్కడ కూడ వర్తిస్తుంది.

రెండవది అమరికను చూడటం. నిజమైన డ్రయ్యర్లలో కూడ వేడి లేకుండా చల్లగాలితో నడిపే అమరిక ఉండవచ్చు. అంతేకాక, బట్టలు చల్లబడటానికి చివరి కొన్ని నిమిషాలు వేడి ఆగిపోవడం సహజం.

మూడవది విద్యుత్తు. మన దేశంలో ఇంటి సరఫరా 230 వోల్టులు. 2,000 వాట్ల డ్రయ్యరు సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. కనుక దానికి 16 ఆంపియర్ల సాకెట్టు తగినది. అదే సాకెట్టుకు ఇస్త్రీపెట్టె తగిలించినప్పుడు అది చక్కగా వేడెక్కితే సరఫరా సరిగా ఉన్నట్లే. లోపం యంత్రంలోనే వెదకాలి. ఇస్త్రీపెట్టె కూడ వేడెక్కకపోతే యంత్రాన్ని నిందించరాదు. ఇదే అన్వయవ్యతిరేకాలతో చేసిన పరీక్ష.

వేడి తక్కువగా ఉండటం వేరు, అసలే లేకపోవడం వేరు. తీగచుట్ట ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరించి మారుతుంది. సరఫరా 180 వోల్టులకు పడిపోతే 2,000 వాట్ల తీగచుట్ట సుమారు 1,225 వాట్ల వేడినే ఇస్తుంది. బట్టలు ఆలస్యంగా ఆరుతాయి; కాని యంత్రం చెడిపోలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో మరొక విశేషం కనిపిస్తుంది. అక్కడి విద్యుత్ డ్రయ్యరులో మోటారు సాధారణంగా 120 వోల్టులతో, తీగచుట్ట 240 వోల్టులతో పనిచేస్తాయి. రెండు తీగలలో ఒక దానికి సరఫరా పోతే డ్రమ్ము తిరుగుతూనే ఉండి, వేడి మాత్రం రాకపోవచ్చు. ఒకే లక్షణానికి దేశాన్ని బట్టి కారణం మారుతుందనడానికి ఇది ఉదాహరణ.

నాలుగవది గాలి మార్గం. అన్నింటిలోకి ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. జల్లెడలోనో, గొట్టంలోనో నూగు పేరుకుపోతే గాలి కదలదు. తీగచుట్టలో పుట్టిన వేడి బట్టలకు చేరక అక్కడక్కడే పెరుగుతుంది. ఆ వేడి హద్దు మీరినప్పుడు ఉష్ణ ఫ్యూజు తెగి వలయాన్ని ఆపుతుంది. అనేక యంత్రాలలో ఇది తీగచుట్టకు మాత్రమే సరఫరాను ఆపుతుంది కాబట్టి డ్రమ్ము యథాప్రకారం తిరుగుతుంది. ఈ ఫ్యూజు ఒక్కసారి తెగితే మళ్లీ అతుక్కోదు, కొత్తది వేయవలసిందే.

ఇక్కడే అసలైన ప్రమాదం పొంచి ఉన్నది. ఇంటి బోర్డులో ఫ్యూజు తరచుగా పోతున్నదని లావుపాటి రాగి తీగ చుట్టే అలవాటు మన ఊళ్లలో కొత్తది కాదు. అదే పద్ధతిలో ఉష్ణ ఫ్యూజును తొలగించి, రెండు కొసలను కలిపేస్తే యంత్రం తక్షణమే వేడెక్కుతుంది. ఇంటివారు సంతోషిస్తారు. కాని గొట్టంలోని నూగు అలాగే ఉంటుంది. తరువాత వేడి హద్దు మీరినప్పుడు ఆపేవారు ఉండరు. నూగు సులభంగా అంటుకునే పదార్థం. 2008–2010 మధ్య అమెరికాలోని నివాస భవనాలలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు సంభవించాయని ఆ దేశపు అగ్నిమాపక పాలనా సంస్థ అంచనా వేసింది. వాటికి ప్రధాన కారణం శుభ్రం చేయకపోవడమేనని, అటువంటివి 34 శాతమని పేర్కొన్నది.

కనుక తెగిన ఫ్యూజు దోషి కాదు. తన ప్రాణమిచ్చి ఇంటిని కాపాడిన కావలివాడు. అది ఎందుకు తెగిందో తెలుసుకొని, ఆ కారణాన్ని తొలగించిన తరువాతనే కొత్త ఫ్యూజు అమర్చాలి. కారణం మిగిలి ఉండగా లక్షణాన్ని మాత్రమే అణచివేయడం మరమ్మతు అనిపించుకోదు. జ్వరానికి మూలం తెలుసుకోకుండా ఒళ్లు చల్లబరచడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

చివరి విచారణ యంత్రం లోపలిది. ఇది శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. అతడు ముందుగా ప్లగ్గు ఊడదీసి, తరువాత మల్టీమీటరుతో భాగాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. బాగున్న ఉష్ణ ఫ్యూజు నిరోధం దాదాపు సున్నా. 230 వోల్టుల వద్ద 2,000 వాట్లు ఇచ్చే తీగచుట్ట నిరోధం సుమారు 26 ఓములు. మీటరు అనంత నిరోధాన్ని చూపితే ఆ భాగం తెగిందని అర్థం. అనుభవం లేనివారు మూత తెరవడం ప్రాణాపాయం. ఇంటివారు తప్పక చేయదగినవి రెండు: ప్రతిసారీ జల్లెడలోని నూగును తీయడం, గాలి గొట్టం నలగకుండా, పూడకుండా చూడటం.

ప్రశ్న వేయడం తెలిసినవాడికి చెడిపోయిన యంత్రం కూడ ఒక పాఠ్యగ్రంథమే. పనిచేయని దానిని ఎలాగైనా పనిచేయించడం నేర్పు కావచ్చు. అది ఎందుకు ఆగిందో తెలుసుకొని బాగుచేయడం వివేకం. ఆ వివేకమే ఇంటికీ, ఇంటిల్లిపాదికీ రక్ష.

కఠినపదాలకు అర్థాలు

సీమ = ప్రాంతం
విచారణ = పరిశీలన
నూగు = బట్టల నుండి రాలే సన్నని పీచు
వలయం = విద్యుత్తు ప్రవహించే మార్గం
నిరోధం = విద్యుత్ ప్రవాహాన్ని అడ్డగించే గుణం
కావలివాడు = రక్షకుడు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నకు ఇరవై పంక్తులలో సమాధానం వ్రాయండి.
1. డ్రయ్యరు వేడెక్కనప్పుడు పాటించవలసిన విచారణ క్రమాన్ని వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. అన్వయవ్యతిరేకాలను పాఠం ఆధారంగా సోదాహరణంగా తెల్పండి.
2. తెగిన ఫ్యూజును కావలివాడితో పోల్చడంలోని ఔచిత్యాన్ని సమర్థించండి.

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. రెండు తొట్ల వాషింగ్ మెషీనులోని డ్రయ్యరు ఎందుకు వేడెక్కదు?
2. 'తర్కసంగ్రహం' రచయిత ఎవరు?

IV. భాషాంశాలు
1. సంధి విడదీసి, పేరు తెల్పండి: ప్రాణాపాయం, శబ్దార్థం.
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెల్పండి: కార్యకారణాలు, తడిబట్ట.
3. మీ ఇంటిలో చెడిపోయిన ఒక వస్తువును గూర్చి లక్షణం, కారణం, నివారణ అనే శీర్షికలతో ఒక పుట వ్రాయండి.