జ్ఞాతిఘృష్టము : ధనుర్వేదమున ధనుశ్శరద్రవ్య పరీక్ష

ధనుర్వేదము యజుర్వేదమునకు ఉపవేదమని మనమందఱము ఎఱుగుదుము. పేరుచేత ఎఱిగినంతగా విషయముచేత ఎఱిగినవారము కాము. కావ్యపాఠములు చెప్పునపుడు కోదండము, కార్ముకము, మౌర్వి, పుంఖము, నారాచము, క్షురప్రము అను పదములు అడుగడుగున వచ్చును. విల్లు, అల్లెత్రాడు, బాణము అని అర్థము చెప్పి ముందునకు సాగుదుము. అమరసింహుడు క్షత్రియవర్గమున వీనిని పర్యాయములుగా కూర్చియుండుటచేత అంతటితో పని తీరినదని తోచును. కాని విల్లు చేయువానికి ఇవి యన్నియు ఒకటి కావు. వింటికి, అల్లెత్రాటికి, అమ్మునకు తగిన ద్రవ్యములను గూర్చి శాస్త్రములు చెప్పిన మాటలను పరిశీలించి, అందొక పదమునకు నేను చిరకాలము చెప్పుచు వచ్చిన అర్థము సరికాదని నివేదించుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆకరములు

ఋగ్వేదము 6వ మండలమున 75వ సూక్తము ఆయుధసూక్తము. కవచము, ధనుస్సు, జ్య, ధనుష్కోటులు, ఇషుధి అందు వరుసగా స్తుతింపబడినవి. అమ్ము పక్షియీకను ధరించినదనియు, మృగము దానికి దంతమనియు, గోసంబంధమైన నరముతో కట్టబడినదనియు ఋషి వర్ణించినాడు. మఱియొక ఋక్కున విషము పూసిన అమ్ము, జింకకొమ్ము తలగాగల అమ్ము, ఇనుపమొన గల అమ్ము ప్రస్తావింపబడినవి. అనగా ములికి, కోల, ఈక, కట్టు అను నాలుగంగములు నాటికే స్థిరపడినవి.

కౌటిల్యుడు అర్థశాస్త్రము రెండవ అధికరణమున ఆయుధాగారాధ్యక్షప్రకరణములో ద్రవ్యవిభాగము చేసినాడు. అగ్నిపురాణమున ధనుర్వేదాధ్యాయములు కలవు. వాసిష్ఠధనుర్వేదసంహితయు, 1363వ సంవత్సరమున కూర్పబడిన శార్ఙ్గధరపద్ధతిలోని ధనుర్వేదభాగమును ద్రవ్యపరీక్షను మఱింత విపులముగా చెప్పుచున్నవి.

విల్లు

కౌటిల్యుని మతమున వింటిద్రవ్యములు నాలుగు: తాళము, చాపము, దారువు, శృంగము. తాళము తాడిమ్రాను, చాపమనగా ఒక వెదురుజాతి. వీనితో చేసిన విండ్లకు క్రమముగా కార్ముకము, కోదండము, ద్రూణము, ధనుస్సు అని పేర్లు. కోశము ఒక్కచోట చేర్చిన పేర్లను అర్థశాస్త్రము ద్రవ్యమునుబట్టి వేఱుచేసినది. అగ్నిపురాణము లోహము, శృంగము, దారువు అని మూడు ద్రవ్యములను చెప్పినది. ఉత్తమమైన విల్లు 4 మూరలు, మధ్యమము మూడున్నర, కనిష్ఠము 3 మూరలు అని కొలత. నాలుగు మూరలనగా 96 అంగుళములు. ధనుస్సను పదము నేలను కొలుచు మానమునకు పేరగుటకు ఇదియే కారణము.

వెదురువింటిని గూర్చి వాసిష్ఠసంహిత కణుపుల సంఖ్యను నియమించినది. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది కణుపులు గలది గ్రాహ్యము. నాలుగు, ఆఱు, ఎనిమిది కణుపులు గలది త్యాజ్యము. దీనిని శుభాశుభసంఖ్యావిచారమని త్రోసివేయరాదు. బేసిసంఖ్య యైనచో నడిమికణుపు లస్తకమున, అనగా పిడికిటిచోట, పడును. ఇరుప్రక్కల కణుపులు సమముగా నిలుచును. అపుడు రెండు కొమ్మలును ఒకే తీరున వంగును. ఈ నియమమునకు ఇదియే బీజమని నాకు తోచుచున్నది.

పిమ్మట వర్జ్యముల పట్టిక. అతిజీర్ణము, అపక్వము, దగ్ధము, ఛిద్రము అగు వెదురు పనికిరాదు. మిక్కిలి ముదిరినది పెళుసు, లేతది విఱుగును, కాలినది, తొలిచినది చెప్పనక్కఱలేదు. వీని నడుమ ఒక పదము కలదు. నేను పాఠము చెప్పిన ప్రతిలో అది "జ్ఞాతిధృష్టము" అని యుండెను. అట్టి విల్లు ఉద్వేగమును, బంధువులతో కలహమును కలిగించునని ఫలము చెప్పబడినది. ఫలమును చూచి నేను పదమునకు అర్థము కట్టితిని. దాయాదులు బలిమిచే వాడుకొన్న విల్లు, వారి చేయిపడిన విల్లు అని ముప్పదియేండ్లు విద్యార్థులకు చెప్పితిని. వారును వ్రాసికొనిరి. ఒక్కడును ప్రశ్నింపలేదు, నేనును నన్ను ప్రశ్నించుకొనలేదు.

ఈ అర్థము నిలుచునా యని చూచుటకు మిగిలిన ద్రవ్యనియమముల తీరును ముందు పరిశీలింపవలెను.

అల్లెత్రాడు

మౌర్వి యనగా మూర్వతో చేయబడినది. మూర్వ మన చాగ. దాని పట్టలవంటి ఆకులనుండి తీసిన నార గట్టిది. క్షత్రియవటువునకు మేఖల మౌర్వీజ్యయే కావలెనని మనుస్మృతి విధించుట ఈ నారకున్న ప్రతిష్ఠకు సాక్ష్యము. కౌటిల్యుడు మూర్వ, అర్కము, శణము, గవేధువు, వేణువు, స్నాయువు అని ఆఱింటిని జ్యాద్రవ్యములుగా పరిగణించినాడు. అర్కము జిల్లేడు, శణము జనుము, స్నాయువు జంతువు నరము. వాసిష్ఠసంహిత పట్టుదారమును ముందుంచి, నరమును, పండిన వెదురుపట్టను, జిల్లేటిపట్టను పిదప చెప్పినది.

జిల్లేటిపట్టకు భాద్రపదమాసము ప్రశస్తమని కాలనియమము. దీనికిని హేతువున్నది. వానలకు పెరిగిన కొమ్మలలో రసము నిండియుండును గనుక పట్ట తెగక నిడివిగా ఊడివచ్చును. వేసవిలో ఎండిన కొమ్మనుండి అది ముక్కలుగా వచ్చును. నరముత్రాడు తడిసినచో సాగి బలము కోల్పోవును. కావున వానలు మెండుగాగల సీమలలో మొక్కనారయే మేలు. ఒక్క పదార్థమును చెప్పి ఊరకుండక శాస్త్రము ఇన్నింటిని చెప్పుట దేశకాలములనుబట్టియే.

అమ్ము

అమ్ముకోలకు వెదురును, శరమనెడు గడ్డికాడయు ముఖ్యములు. కౌటిల్యుడు వేణువు, శరము, శలాక, దండాసనము, నారాచము అని ఐదు చెప్పినాడు. నారాచము పూర్తిగా ఇనుముతో నైనది. శరము అను పదము గడ్డికి పేరై, దానితో చేసిన బాణమునకును పేరైనది. కాడ మిక్కిలి లావుగాని మిక్కిలి సన్నముగాని కారాదు. మంచి నేలలో పుట్టి, పండి, తెల్లవాఱినపుడు తగిన ఋతువున కోయవలెను. చిటికెనవ్రేలి లావు, పిడికిలి తక్కువ రెండు మూరల నిడివి యుండవలెను. ఇవి వాసిష్ఠసంహితలోని లక్షణములు.

కోలలు మూడు జాతులు. ముందుభాగము లావైనది స్త్రీ. వెనుకభాగము లావైనది పురుషుడు. అంతట సమమైనది నపుంసకము. మొదటిది దూరము పోవును. రెండవది గట్టిదానిని భేదించును. మూడవది లక్ష్యాభ్యాసమునకు తగినది. పేర్లను చూచి నవ్వుకొని పుట త్రిప్పువారు కలరు. కాని ఇది బరువు కోలలో ఎచ్చట నిలుచునను విచారము. ముందుభాగమున బరువుండి వెనుక ఈకలు గాలిని పట్టుచుండగా అమ్ము తల త్రిప్పక పోవును. విలుకాడు చేతితో తూచి తెలిసికొను విషయమునే శాస్త్రకారుడు లింగభేదముతో గుర్తుపెట్టినాడు.

ఈకలకు కాకి, హంస, క్రౌంచము, నెమలి, గృధ్రము, కురరము మొదలగు పక్షులు చెప్పబడినవి. అమ్మొకటికి నాలుగేసి ఈకలు, ఒక్కొక్కటి 6 అంగుళములు. నరముతో బిగించి కట్టవలెను. ఈకలు కట్టిన ఈ వెనుకభాగమే పుంఖము, తెలుగున పింజ. ఒక అమ్ము పింజను వెన్నంటి మఱియొక అమ్ము పోవుటనుండియే "పుంఖానుపుంఖముగా" అను వాడుక వచ్చినది. నేడు ఉత్తరములు పుంఖానుపుంఖముగా వచ్చుననువారికి పింజ జ్ఞప్తికి రాదు.

ములుకులు ఆరాముఖము, క్షురప్రము, గోపుచ్ఛము, అర్ధచంద్రము, సూచీముఖము, భల్లము, వత్సదంతము, కాకతుండము మొదలగునవి. రూపమునుబట్టి పేరు, పేరునుబట్టి పని. ములికికి నీరుపెట్టుటకు, అనగా కాచి పదును నిలుపుటకు, పిప్పలి, సైంధవలవణము, చెంగల్వకోష్ఠు గోమూత్రముతో నూరి పూసి, నిప్పున కాచి నూనెలో ముంచవలెనని విధి. నీటిలోకంటె నూనెలో ఇనుము నెమ్మదిగా చల్లాఱును గనుక పగులు భయము తక్కువ.

ఇంతవఱకు చూచిన ప్రతినియమమును ద్రవ్యముయొక్క స్వభావమును ఆశ్రయించియున్నది. ఏదియు యజమానుని బంధువర్గమును ఆశ్రయింపలేదు. అట్లగుచో "జ్ఞాతి" పదము మాత్రము మనుష్యులను చెప్పునా?

కొండమీది ప్రమాణము

ఉద్యోగవిరమణానంతరము నేను కొత్తవలసలో నివసించుచున్నాను. ఇచ్చటినుండి కిరందూలు పోవు రైలుమార్గము శృంగవరపుకోట దాటి తూర్పుకనుమల నెక్కి బొఱ్ఱా, అరకుల మీదుగా సాగును. కొన్నియేండ్ల క్రిందట చైత్రమాసమునకు ముందు, ఆ మార్గమున గల యొక పల్లెకు పరిచితులతో పోయియుంటిని. ఆ కొండలలో చైత్రమున ఇటుకల పండుగ జరుగును. పూర్వము ఆ దినములలో మగవారు విండ్లతో వేటకు పోవుట ఆచారము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత వేట నిషిద్ధమైనది. నేను పోయిన ఇంట విల్లు పండుగనాటి లాంఛనముగా నిలిచియుండెను. పాతవిల్లు చెడుటచేత ఆ యింటి కొండదొర వృద్ధుడు క్రొత్తదానికి వెదురు ఎన్నుచుండెను.

నేను వెంట పోతిని. పొదలో నిటారుగా, పండి, చక్కని కణుపులతోనున్న ఒక గెడను చూపి ఇది బాగున్నదికదా యంటిని. ఆయన దానిని చేతితో తడిమి, ఒకచోట వ్రేలు నిలిపి విడిచిపెట్టెను. కారణ మడుగగా, "తోటివెదురే దీన్ని రాసీసినాది బాబూ. ఇక్కడే ఇరిగిపోద్ది" అనెను. చూడగా, గాలికి ప్రక్కగెడ ఒరసికొని పైపట్ట అరిగి సన్ననిచార పడియుండెను.

ఆయన "తోటివెదురు" అన్నదే శాస్త్రమున "జ్ఞాతి". ఒకే దుంపనుండి పుట్టి ఒకే పొదలో పెరిగిన గెడలు జ్ఞాతులు. పదము "ధృష్టము" కాదు, "ఘృష్టము", ఒరయబడినది. నాగరిలిపిలో ఘకారధకారములకు పోలిక మెండు. లేఖకుని చేతిలో అవి మాఱుట వింతకాదు. తెలుగులిపిలో ఆ భ్రాంతికి అవకాశము తక్కువయైనను, మనము నాగరిప్రతులను చూచి చదివినవారము.

ఈ పాఠమునకు మూడు హేతువులు చెప్పవచ్చును. మొదటిది సాహచర్యము. పట్టికలోని తక్కిన నాలుగును వెదురునందే యుండు దోషములు. ఐదవదియు అట్టిదే కావలెను. రెండవది ఫలసాదృశ్యము. దగ్ధమైనదానికి గృహదాహము ఫలముగా చెప్పినట్లే, జ్ఞాతిఘృష్టమునకు జ్ఞాతికలహము చెప్పబడినది. దోషమును పోలిన ఫలమును చెప్పుట గ్రంథకారుని శైలి; ఆ ఫలమునుండి దోషస్వరూపమును ఊహించుటయే నేను చేసిన పొరపాటు. మూడవది ద్రవ్యస్వభావము. వెదురునందు నారలు పైపట్టను ఆనుకొని దట్టముగా నుండును. లోనికి పోనుపోను పలుచనగును. వింటి వెలుపలివైపు ఆ పట్టయే సాగి బలము నిచ్చును. అది ఒరసికొని తెగినచోట విల్లు విఱుగును. వృద్ధుని వ్రేలు నిలిచిన చోటు అదియే.

ఆయన చేసిన వింటికి అల్లెయు వెదురుపట్టతోనిదే. వాసిష్ఠసంహితలోని పండిన వెదురుపట్ట అల్లెను నేను మొట్టమొదట చూచినది అక్కడనే.

ఉపసంహారము

గ్రంథము తెలిసిన నాకు గెడ తెలియలేదు. గెడ తెలిసిన ఆయనకు గ్రంథముతో పనిలేదు. ఆయన గ్రంథము చదివి ఈ నియమమును నేర్చెననిగాని, గ్రంథకారుడు ఈ కొండలకు వచ్చి నేర్చెననిగాని నేను చెప్పుట లేదు. వెదురు ఒక్కటే గనుక ఇరువురును ఒకే నిర్ణయమునకు వచ్చిరి. శాస్త్రపదమునకు అర్థము కోశమున దొరకనిచోట వస్తువును అడుగవలెనని మాత్రమే ఇందలి తాత్పర్యము.

పండుగకు ఒక్క విల్లు చాలును గనుక దానిని చేయువారును ఊరికొక్కరుగా మిగులుచున్నారు. ఆ వృద్ధుని కుమారులకు ఈ విద్య రాలేదు. ఉత్తరాంధ్ర కళాశాలలలో పాఠము చెప్పు సహాధ్యాపకులు తమ విద్యార్థులలో కొండపల్లెలనుండి వచ్చినవారిని అడిగి, విల్లు, అల్లె, కోల, పింజ, ములికి భాగములకు వారి యిండ్లలో వాడు పేర్లను, ద్రవ్యములను, కోయు మాసములను వ్రాసి యుంచినచో ధనుర్వేదమునకు వ్యాఖ్యాన మేర్పడును. నా వద్ద ఈ పాఠము చదివిన పూర్వవిద్యార్థులు ఈ వ్యాసమును చూచినయెడల, తమ పుస్తకములలో "దాయాదులు వాడిన విల్లు" అని యున్నచోట కొట్టివేసి, "తోటివెదురు ఒరసినది" అని దిద్దుకొనవలసినదిగా కోరుచున్నాను.