సముద్రం లేని ఊళ్లో నావికులు

మేడారం నుంచి ఏ దిక్కుకు నడిచినా సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైనే. ఉన్నదల్లా చుట్టూ అడవి, ఊరిని ఒరుసుకుంటూ పారే జంపన్నవాగు. అలాంటి చోట చదువుకుంటున్న విద్యార్థి నౌకాదళపు తెల్లని దుస్తులు వేసుకుని కేడెట్ కాగలడా? “సముద్రమే చూడనివాడికి నావికుని పాఠాలెందుకు?” అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు మన వాగు దగ్గరే దొరుకుతుంది. ఎలాగో చూద్దాం, రండి.

కేడెట్ అంటే ఎవరు?

మన దేశంలో నేషనల్ కేడెట్ కోర్, అంటే ఎన్.సి.సి., 1948లో చేసిన చట్టం ద్వారా ఏర్పడింది. అందులో నౌకా విభాగం 1952లో మొదలైంది. ఎన్.సి.సి. జెండాలో మూడు రంగులుంటాయి. ఎరుపు పదాతి విభాగానికి, ముదురు నీలం నౌకా విభాగానికి, లేత నీలం వైమానిక విభాగానికి గుర్తు. హైస్కూలు పిల్లలు చేరేది జూనియర్ డివిజన్‌లో. ఆడపిల్లలకైతే జూనియర్ వింగ్. సాధారణంగా 8, 9 తరగతులలో చేర్చుకుంటారు. శిక్షణ రెండేళ్లు. చివర పరీక్ష రాసి నెగ్గితే ‘ఎ’ సర్టిఫికెట్ వస్తుంది. కాలేజీలో కొనసాగితే ‘బి’, ‘సి’ సర్టిఫికెట్లు.

కేడెట్‌గా చేరితే యుద్ధానికి పంపుతారని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతుంటారు. ఆ భయం అక్కరలేదు. కేడెట్లకు యుద్ధసేవ చేయవలసిన బాధ్యత లేదని చట్టంలోనే ఉంది. పెద్దయ్యాక నౌకాదళంలో చేరాలా, డాక్టరు కావాలా, సేద్యం చేయాలా అన్నది మీ ఇష్టం.

తెడ్డు చెప్పే పాఠం

నౌకా కేడెట్ మొదట నేర్చుకునేవాటిలో ఒకటి తెడ్డు వేయడం. శిక్షణకు వాడే వేలర్ అనే పెద్ద పడవను ఐదుగురు, తలా ఒక తెడ్డుతో నడుపుతారు. తెడ్డు ఒక తులాదండం అని మీకు తెలుసు. మరి దాని ఆధారం ఎక్కడుంది? పడవ అంచు మీద అని చప్పున చెప్పేస్తాం. కాని గట్టున నిలబడి చూడండి. తెడ్డు రెక్క నీటిలో దాదాపు నిలిచిపోతుంది, పడవే ముందుకు కదులుతుంది. అలా చూస్తే ఆధారం నీటిలో ఉన్న రెక్క దగ్గర, భారం పడవ అంచు దగ్గర, బలం మన చేతి దగ్గర. రెండో తరగతి తులాదండం అన్నమాట!

ఇప్పుడొక లెక్క. వాగు వెడల్పు 50 మీటర్లు. నిలకడ నీటిలో మీ పడవ సెకనుకు 1 మీటరు పోతుంది. వాగు వేగమూ సెకనుకు 1 మీటరే. పడవ ముక్కును సూటిగా అవతలి గట్టుకు పెట్టి నడిపితే ఎక్కడ చేరతారు? దాటడానికి 50 సెకన్లు పడుతుంది. ఆ 50 సెకన్లలో ప్రవాహం మిమ్మల్ని 50 మీటర్లు దిగువకు తోసేస్తుంది. మీరు చేరేది ఎదుటి రేవుకు కాదు, దానికి 50 మీటర్ల కిందకు. రెండు వేగాలు కలిసి ఏటవాలు దారి అయింది. దీన్నే పాఠ్యపుస్తకం సదిశల సంకలనం అంటుంది.

నాట్ అంటే ముడి

ఓడ వేగాన్ని నాట్‌లలో చెబుతారు. నాట్ అంటే ముడి. పూర్వం తాడుకు సుమారు 14.4 మీటర్లకు ఒక్కటి చొప్పున ముళ్లు వేసి, కొనకు చెక్క కట్టి, నడుస్తున్న ఓడ వెనుక నీటిలో వదిలేవారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముళ్లు చేతిలోంచి జారితే అన్ని నాట్‌ల వేగం. ఇప్పుడు ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు.

ఆ వింత సంఖ్య ఎక్కడిది? భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలతో, మళ్లీ 60 నిమిషాలతో భాగించి చూడండి. 1.852 కిలోమీటర్లు వస్తుంది. అక్షాంశంలో ఒక నిమిషం దూరమే నాటికల్ మైలు.

మేడారం ఆకాశంలో దిక్సూచి

సముద్రం మీద మైలురాళ్లుండవు. పూర్వపు నావికులు చుక్కలను చూసి తమ చోటు తెలుసుకున్నారు. ఆ పని మీరూ చేయవచ్చు. కోణమానిని కేంద్రానికి దారం కట్టి, దారం కొనకు చిన్న రాయి వేలాడదీయండి. మబ్బులేని రాత్రి కోణమానిని తిన్నని అంచు వెంబడి ధ్రువనక్షత్రాన్ని చూడండి. దారం ఏ గుర్తు మీద నిలిచిందో స్నేహితుడు చదవాలి. దానికి, 90 డిగ్రీలకు ఉన్న తేడాయే నక్షత్రపు ఎత్తు. మేడారంలో అది సుమారు 18 డిగ్రీలు రావాలి. అదే మేడారం అక్షాంశం! ఒక డిగ్రీ అటూ ఇటూ వచ్చినా నిరాశపడకండి. ధ్రువనక్షత్రం కూడా ఉత్తర ధ్రువానికి సరిగ్గా ఎదురుగా లేదు, కాస్త పక్కగా ఉంది.

మేడారం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు, మన తూర్పు నౌకాదళపు స్థావరమైన విశాఖపట్నానిది సుమారు 17.7. తేడా 0.6 డిగ్రీలు, అంటే 36 నిమిషాలు. అంటే మేడారం విశాఖ కంటే 36 నాటికల్ మైళ్లు ఉత్తరంగా ఉంది. అడవిలో కూర్చునే లెక్క తేల్చేశాం కదూ!

వాగు పొంగిన రోజు

2023 జూలైలో కుండపోత వానలకు జంపన్నవాగు పొంగి, ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది. ప్రాణాలు పోయాయి. నావికుని పాఠం అసలు విలువ ఇలాంటి రోజునే తెలుస్తుంది.

పారే నీటి వేగం రెండింతలైతే అది మన కాళ్లను తోసే బలం సుమారు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. అందుకే మోకాటి లోతే కదా అని దిగిన బలశాలిని కూడా వాగు పడగొడుతుంది. పైగా మునిగినంత మేర నీరు మన శరీరాన్ని పైకి ఎత్తుతుంది. పాదం నేల మీద మోపే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే ఘర్షణ తగ్గుతుంది, కాలు జారుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం అక్కడ మనకు శత్రువు. లైఫ్ జాకెట్ వేసుకున్నవాడికి అదే సూత్రం ప్రాణమిత్రం.

ఎవరైనా నీటిలో పడితే వెంటనే దూకకండి. కేకవేసి పెద్దలను పిలవండి. గట్టున పడుకుని పొడవాటి కర్ర అందించండి. అందకపోతే తాడు విసరండి. తాడు కొనకు జారిపోని ఉచ్చు ఉండాలి. నావికులు దానికి బోలైన్ ముడి వేస్తారు. తాడు మధ్యలో చిన్న చుట్టు వేసి, కొనను కిందినుంచి ఆ చుట్టులోంచి పైకి తీసి, పొడుగు తాడు వెనకగా తిప్పి, మళ్లీ అదే చుట్టులోంచి కిందికి దించి బిగించాలి. ఎంత లాగినా ఈ ఉచ్చు నడుముకు బిగుసుకుపోదు. పని అయ్యాక తేలిగ్గా ఊడివస్తుంది. ఈ రోజే మీ ఇంటి బావి చేంతాడు మీద వేసి చూడండి.

చేరడం ఎలా?

మీ బడిలో ఎన్.సి.సి. ఉంటే దాన్ని చూసే ఉపాధ్యాయుణ్ణి అడగండి. తల్లిదండ్రుల సమ్మతి, ఆరోగ్యం ఉండాలి. పరీక్షకు కూర్చోవాలంటే కవాతు హాజరు 75 శాతం తగ్గకూడదు. మీ బడిలో ఎన్.సి.సి. లేకపోతే ప్రధానోపాధ్యాయుల చేత వరంగల్లులోని ఎన్.సి.సి. గ్రూపు కార్యాలయానికి రాయించండి. నౌకా విభాగం అన్ని బళ్లలో ఉండదు. మీకు పదాతి విభాగమే దొరికితే అందులోనే చేరండి. ముడి, తెడ్డు, చుక్క చెప్పే పాఠాలు ఏ రంగు దుస్తులు వేసుకున్నవాళ్లకైనా ఒక్కటే.

మీకో లెక్క

పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వంతెన మీదనో, ఎత్తైన గట్టు మీదనో నిలబడండి. నీటిలో దిగకూడదు సుమా! గట్టు వెంట 10 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టి, పైగుర్తు దగ్గర ఒక మోదుగాకు నీటిలో వేయండి. అది కిందిగుర్తు చేరడానికి 10 సెకన్లు పడితే వాగు వేగం సెకనుకు 1 మీటరు, దాదాపు 2 నాట్‌లు. వానాకాలంలో ఒకసారి, మాఘమాసంలో ఒకసారి కొలిచి పోల్చండి. వేగం ఎన్నింతలు పెరిగింది? అయితే తోసే బలం ఎన్నింతలు? ఆ జవాబును నోటుబుక్కులో రాసుకుని మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చదివి వినిపించండి.