అంకె చేత్తో వేయకు, బంగారూ

తెల్లాపూర్

బంగారూ,

మూడో చాప్టర్ పూర్తయిందని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే కడుపు నిండింది. ఇక్కడ మా బాల్కనీ ఎదురుగా ఇంకో టవర్ లేస్తోంది. రాత్రి ఆ చప్పుడులోనే నీ ఫైలంతా చదివాను. కాకతీయుల చెరువుల గురించి ఎంత బాగా రాశావే! కానీ ఫుట్‌నోట్ అంకెలన్నీ చేత్తో టైపు చేశావేం? ఎన్నిసార్లు చెప్పాను? సరేలే, కోప్పడను. ఆ తప్పు నేనూ చేశాను.

నా ఎం.ఫిల్. అప్పుడు రేపు ఇచ్చేయాలనగా గైడ్ ఒక పేరా తీసేయమన్నారు. అక్కణ్ణుంచి అంకెలన్నీ తప్పాయి. తెల్లవార్లూ దిద్దాను. అయినా ఒకటి మిగిలిపోయింది. చరిత్రకారులు పరబ్రహ్మశాస్త్రి గారి మాట సురవరం వారి పేరు మీద అచ్చయింది. ఆ బైండు కాపీ తెరవాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

అందుకే విను. వర్డ్‌లో ఆల్ట్, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కు. అలా పెట్టిన నోటు పేరా ఎటు జరిగినా తన అంకె తానే దిద్దుకుంటుంది. ఒకే వాక్యం చివర రెండు నోట్లు ఆనించి పెట్టకు. నీ 12, 13 అతుక్కుపోయి 1213 అయ్యాయి. రామప్ప గుడి శాసనం ఏడాది అనుకున్నాను తల్లీ! ఆధారాలన్నీ ఒకే నోటులో పెట్టి మధ్యలో సెమికోలన్ వెయ్యి: సురవరం 1949, పరబ్రహ్మశాస్త్రి 1978, టాల్బట్ 2001. ఇది ఏళ్ళ వరస. అక్షర క్రమమైతే తెలుగులో టాల్బట్ ముందొస్తారు, ఇంగ్లిష్‌లో చివరికి పోతారు. ఏది కావాలో మీ గైడ్‌ని అడిగి, థీసిస్ అంతా అదే పాటించు. ఆధారాలు చేర్చే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడితే మూడు పుస్తకాలూ ఒకే పెట్టెలో ఎంచుకో.

పాత నోటును మళ్ళీ చూపాలంటే క్రాస్ రిఫరెన్స్ పెట్టు. అవి వెంటనే మారవు, మరిచిపోకు. చివర్లో కంట్రోల్ ఏ, ఎఫ్9 నొక్కు. ఫుట్‌నోట్లలోకి వెళ్ళి ఇంకోసారి నొక్కు. ముందు ఫైలు కాపీ దాచుకో.

ఇదంతా చాదస్తం అనుకోకు. చెరువు తవ్వించినవాళ్ళ పేర్లు రాతి మీద చూసే కదా నువ్వు వాళ్ళను గుర్తుపట్టింది? ఆ రాళ్ళు చదివి పెట్టినవాళ్ళ పేర్లు నీ నోట్లలోనే నిలవాలి.

ఆదివారం రా. లింగంపల్లిలో దిగితే బాబాయి వస్తాడు. ల్యాప్‌టాప్ తెచ్చుకో, పక్కన కూర్చుని దిద్దిస్తాను. వేళకు తిను.

నీ చిన్నమ్మ