డేరాలలోని మన పొరుగువారు

ఈ నెల వేదపాఠము
చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1-7, లూకా 10:25-37



వానలు తప్పిన యేడు మన పడమటి మండలములలో "సుగ్గికి పోయినారు" అను మాట ప్రతి వీధిలోను వినబడును. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద ప్రాంతముల కుటుంబములు ఇంటికి తాళము వేసి, పిల్లలను, వంటపాత్రలను వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరపకోతలకో, తెలంగాణలో పత్తి తీతకో, బెంగుళూరులో కట్టడపు పనులకో వెళ్లుచుందురు. అక్కడ చేని గట్టున కట్టిన పట్టయే వారి ఇల్లు. అట్లే పరస్థలముల నుండి బ్రతుకుదెరువుకై మన ఊళ్లకు వచ్చి, ఖాళీ స్థలములలో డేరాలు వేసికొనువారును గలరు. రైలు స్టేషనులోను, అంగళ్ల అరుగుల మీదను రాత్రులు గడుపు వృద్ధులును గలరు. అక్కడ మనవారు పరదేశులు. ఇక్కడ వీరు పరదేశులు. ప్రభువు ఎదుట ఇద్దరును ఒక్కటే.

2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారిని ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ప్రత్యేకముగా లెక్కించిరి. దేశమంతటను 17 లక్షలకు పైగా తేలిరి. అది ఒక్క రాత్రి లెక్క. ఆ రాత్రి కంటబడనివారు అందులో చేరరు.

దయ లేకనే వీరికి సహాయము అందుట లేదని మనము తలంచవచ్చును. అది పూర్తిగా నిజము కాదు. ఒక సంగతి ఊహించుకొందము. క్రిస్మసు వారములో ఒక సంఘము వారు డేరాలకు పోయి దుప్పట్లు పంచిరి. రెండు దినములకు మరియొక సంఘము వారు దుప్పట్లు తెచ్చిరి. ఆ మరునాడు యువజనులు అన్నపు పొట్లములతో కూడ దుప్పట్లే తెచ్చిరి. చివరి డేరాలో పదిదినముల బిడ్డతో ఒక బాలింత జ్వరముతో పడియున్నది. మూడు గుంపులవారును ఆమెను చూచిరి. మొదటివారు రెండవవారు చూచుకొందురనుకొనిరి. రెండవవారు మొదటివారు ఆసుపత్రికి చెప్పియుందురనుకొనిరి. ఆమెకు మూడు దుప్పట్లు దొరికినవి గాని వైద్యము దొరకలేదు. ఇది కల్పించి చెప్పినదే. అయినను ఇటువంటిది మనయొద్ద జరుగదని గుండె మీద చేయి వేసికొని చెప్పగలమా?

యెరూషలేము సంఘములో జరిగినదేమి?

ఆ సంఘములో ప్రేమకు కొదువ లేదు. ఆస్తులు అమ్మి తెచ్చి పంచుకొనినవారు వారు. అయినను ప్రతిదినము జరుగు పంపకములో గ్రీకుభాష మాట్లాడు విధవరాండ్రు విడువబడుచుండిరి. పరిచర్య పెద్దదైనది, చూచువారు ఎవరో నిర్ణయము కాలేదు, భాష వేరైనవారి గొంతు వినబడలేదు.

అపొస్తలులు ఏమి చేసిరో గమనించుడి. సణుగవద్దని గద్దించలేదు. ఇంకను ఎక్కువ ఇయ్యుడని ప్రసంగము చేయలేదు. ఆ పని మీద మనుష్యులను పేరుపేరున నియమింపజేసిరి. ఆ యేడుగురి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు మరువబడిరో ఆ పక్షమువారికే పంపకము అప్పగింపబడినట్లు కనబడుచున్నది. తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి వినబడు మన ఊళ్లలో ఇది గొప్ప పాఠము. డేరాలవారి భాష తెలిసినవారిని, వీలైతే వారిలోనే ఒకరిని, ఈ పరిచర్యలో చేర్చుకొనవలెను.

లూకా సువార్తలోని సమరయుడు కూడ గాయములు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి ఆ మనుష్యుని అప్పగించెను, ఖర్చు ముందుగా ఇచ్చెను, తిరిగి వచ్చెదనని మాట ఇచ్చెను. ఒక చేతినుండి మరియొక చేతికి అప్పగించుట, మరల వచ్చి విచారించుట, ఈ రెండును దయలో భాగములే.

ఇతర స్థలముల అనుభవము

అమెరికాలోని హ్యూస్టను నగరములో అనేక సంస్థలు ఎవరి లెక్క వారిదిగా ఇల్లులేనివారికి సహాయము చేయుచుండెను. 2011 తరువాత నగరపాలన, జిల్లా పాలన, వందకు పైగా సంస్థలు ఒక్క జాబితా క్రింద కలిసి పనిచేయ మొదలిడినవి. త్రాగుడు మానిన తరువాత, పని దొరికిన తరువాత అని షరతులు పెట్టక, ముందు ఇంటికి చేర్చి పిమ్మట మిగిలిన సహాయము చేసిరి. 2022 నాటికి 25,000 మందికి పైగా ఇండ్లలో చేరిరి. డేరాల స్థలమును మూయునప్పుడు, అక్కడివారికి ఇండ్లు చూపిన పిమ్మటనే మూయుట వారి పద్ధతి. వారి ధనము మనకు లేదు. ఒక్క జాబితా వ్రాసికొనుటకు ధనము అక్కరలేదు.

మన ప్రాంతమునకును ఇది క్రొత్త కాదు. 1876-78 మహాక్షామములో, నాడు బళ్లారి జిల్లాలో నుండిన ఆదోని ప్రాంతము ఘోరముగా బాధపడెను. 1877లో లండను నగర మేయరు తెరచిన నిధిని స్థానిక సభల ద్వారా పంచిరి. ఆ సభలలో ఉద్యోగులు, మిషనరీలు, ఊరి పెద్దలు కలిసి కూర్చుండిరి. సర్కారు సహాయము చేరని చోట ఇండ్లు బాగుచేసికొనుటకు, విత్తనములకు, ఎడ్లకు ఆ ధనము ఇయ్యబడెను. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. ఒంటరి మగ్గమునకు లేని బలము కూడిక వలన కలుగునని మన ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మనము చేయదగినవి

1. ఊరిలోని సంఘములన్నియు కలిసి ఒకే పుస్తకము ఉంచవలెను. కుటుంబపు పేరు, ఏ ఊరివారు, పిల్లలెందరు, గర్భిణులు, రోగులు, రేషను కార్డు ఉన్నదా, వారు తామై అడిగినదేమి, దానికి బాధ్యుడెవరు, ఏ తేదీకి చేయవలెను అని వ్రాయవలెను. బాధ్యుని పేరు లేని వరుస అందులో ఉండరాదు. ఆ పుస్తకము గుడిలో చదువరాదు. ఇచ్చునప్పుడు ఫోటోలు తీయరాదు.

2. పని నుండి తిరిగి వచ్చు సాయంకాలమున ఇద్దరు పోవలెను. అందులో ఒకరు స్త్రీ కావలెను. డేరా గుమ్మము కూడ గుమ్మమే. అమ్మా, అయ్యా అని పిలిచి, రమ్మనిన పిమ్మటనే లోనికి పోవలెను. ఏమి తెచ్చితిమో చెప్పుటకు ముందు, ఏమి కావలెనో అడుగవలెను.

3. రోగిని ఆసుపత్రికి, బాలింతను అంగన్‌వాడీకి చేర్చవలెను. నీళ్లకు, చెత్తకు పురపాలక సంఘమునకు అర్జీ ఇయ్యవలెను. వయస్సు కాగితము లేదని బిడ్డను బడిలో చేర్చుకొననని చెప్పుటకు 2009 నాటి విద్యాహక్కు చట్టము ఒప్పుకొనదు.

4. ఇల్లులేనివారి వసతిగృహములకై 2013లో ప్రారంభమైన కేంద్ర పథకము, లక్ష జనాభాకు కనీసము 100 మందికి చోటు ఉండవలెనని నిర్దేశించెను. 2011లో ఆదోని జనాభాయే 1,66,000 దాటియుండెను. మన ఊరిలో ఎందరికి చోటున్నదో అధికారులను వినయముతో, ఎడతెగక అడుగవలెను.

5. డేరాలను తొలగించెదరని వినబడినయెడల మౌనముగా నుండరాదు. 1985లో బొంబాయి కాలిబాట వాసుల వ్యాజ్యెములో సుప్రీంకోర్టు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదనియు, ముందుగా నోటీసు ఇచ్చి వారి మాట వినవలెననియు తీర్పు చెప్పెను. ఆ స్థలములో ఉండు హక్కు ఆ తీర్పు ఇయ్యలేదు. కాబట్టి వేరు చోటు చూపించుటకు మనము ముందే పూనుకొనవలెను.

6. మన సంఘమునుండి సుగ్గికి పోవు కుటుంబములకు, అక్కడి పాదిరిగారికి జాబు వ్రాసి ఇచ్చి పంపవలెను. తమ కార్డు మీద వేరొక ఊరిలో బియ్యము తీసికొను పద్ధతి ముందుగా తెలుపవలెను.

అపొస్తలుల కార్యములు 6:7 చదువుడి. పంపకము సరిచేయబడిన పిమ్మట దేవుని వాక్యము ప్రబలమైనదని లూకా వ్రాయుచున్నాడు. ఎవరు తినలేదో చూచి లెక్క వ్రాయుట చిన్న పని కాదు. సంఘ సాక్ష్యము దానిమీద ఆధారపడియున్నది.

ఆలోచనకు ప్రశ్నలు

1. గత సంవత్సరము మనము సహాయము చేసినవారిలో ఎందరి పేర్లు మనకు తెలియును?
2. మన పంపకములో ఎవరు విడువబడుచున్నారు? ఆ సంగతి మనకు ఎవరు చెప్పగలరు?
3. ఈ పని మీద మన సంఘము ఎవరిని నియమించగలదు?

ప్రార్థన: తల వాల్చుకొన స్థలము లేక తిరిగిన ప్రభువా, డేరాలలో ఉన్న నీ పిల్లలను మేము లెక్క తప్పకుండ చూచునట్లు మాకు కన్నులను, క్రమమును దయచేయుము. ఆమేన్.