తాటి టెంకకి కుండీ చాలదు

ఫ్యాన్ పామ్ అంటే నర్సరీ మొక్కే అనుకుంటాం. మన తాటిచెట్టు కూడా ఫ్యాన్ పామే. కానీ రెండిటినీ పెంచే పద్ధతి వేరు.

మా సీఎస్‌ఈ వాళ్ల ట్రీకి రూట్ పైన ఉంటుంది. తాటి టెంక మాత్రం ముందు కిందికే దిగుతుంది. టెంకలోంచి ఒక కాడ నేలలోకి వెళ్లి, దాని కొసన మొలక తయారవుతుంది. మనం ఉడకబెట్టుకుని తినే తేగ అదే! అంత లోతు కుండీలో దొరకదు. పెరిగాక పీకి వేరేచోట నాటితే బతకడం కష్టం. అందుకే చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే, ఎండ తగిలేచోట టెంక పాతాలి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మి.మీ. మాత్రమే. మొదటి వేసవుల్లో నీళ్లు పోసి కాపాడితే, వేరు దిగాక తాటి కరువుని తట్టుకుంటుంది. కాపుకి పన్నెండేళ్లు దాటొచ్చు. మగచెట్టైతే కాయలే రావు.

హాస్టల్ గదికైతే లివిస్టోనా, రేపిస్ బెటర్. కిటికీ పక్కన వెలుతురు, అడుగున చిల్లున్న కుండీ, పైమట్టి ఆరాకే నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆకు కొనలు మాడతాయి. వాననీళ్లు పట్టి పోయండి.

ఏ పామ్‌కైనా మొవ్వు జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒక్కో కాండానికి పెరిగే చోటు అదొక్కటే, మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అది పోతే ఆ కాండం మళ్లీ చిగురించదు.