గుండెకు ఊపిరి అందకపోతే

అది నాట్ల కాలం. పొద్దున్నే కోడలు క్యారియరు కట్టుకుని పొలానికి బయలుదేరుతోంది. అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. అత్తకు 62 ఏళ్లు. ఒక్క నిమిషం ఊరికే ఉండని మనిషి. ఆ రోజు మాత్రం గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది.

"ఏంటత్తా, అలా ఉన్నారు?"

"ఏం లేదే. రాత్రి తిన్న పులుసు పడలేదు. గ్యాసు."

కోడలు దగ్గరికి వెళ్లి చూసింది. అత్త మొహం పాలిపోయి ఉంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. మరి ఈ చెమట ఎక్కడిది?

"గుండెల్లో నొప్పా అత్తా?"

"నొప్పి కాదే. ఏదో బరువు పెట్టినట్టుంది. దవడ లాగుతోంది. వెన్ను పట్టేసింది. ఆయాసంగా ఉంది."

పక్కింటి పిన్ని వచ్చింది. "వాము నమిలించు. సోడా తాగించు. సాయంత్రం మీ ఆయన వచ్చాక చూసుకోవచ్చులే" అంది. అత్త కూడా అదే మాట అంది. "నా కోసం కూలి పోగొట్టుకోకు. నువ్వు పో."

కోడలు పోలేదు. క్యారియరు కింద పెట్టింది. సంఘం మీటింగులో ఏఎన్ఎం చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది. గుండెపోటు వస్తే ఆడవాళ్లకు గుండెల్లో నొప్పి లేకపోవచ్చు. దవడ, మెడ, వెన్ను, చెయ్యి లాగవచ్చు. ఆయాసం, చెమట, వాంతి, చెప్పలేని నీరసం రావచ్చు. కోడలు వెంటనే 108కి ఫోను చేసింది.

మగవాడికి ఛాతీ పట్టేస్తే ఊరంతా కదులుతుంది. అదే ఆడమనిషికి చెమట పడితే "పని ఎక్కువైంది, కాసేపు పడుకో" అంటారు. ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

గుండె మన పిడికిలంత ఉంటుంది. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అది ఒక కండ. కండ అంటే కోట్ల కొద్దీ చిన్న చిన్న కణాలు. గోడకు ఇటుకలు ఎలాగో ఒంటికి కణాలు అలాగ. ప్రతి కణానికీ ప్రాణవాయువు కావాలి. దీన్నే ఆక్సిజన్ అంటారు. దాన్ని రక్తమే మోసుకొస్తుంది.

గుండె నిండా రక్తమే కదా, దానికి కరువేమిటి అనిపిస్తుంది. కానీ గుండె కండ తన లోపలి రక్తాన్ని నేరుగా వాడుకోలేదు. దానికి వేరే సన్నని రక్తనాళాలు ఉన్నాయి. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా, బోదె పూడిపోతే మడి ఎండిపోదూ? ఇదీ అంతే. నాళం లోపల కొవ్వు పేరుకుని, దాని మీద రక్తం గడ్డ కడితే దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

దారి పూర్తిగా మూసుకుపోయి సుమారు 20 నిమిషాలు దాటితే కణాలు చావడం మొదలవుతుంది. అన్నీ ఒక్కసారే చావవు. కొన్ని గంటల పాటు ఒకదాని తర్వాత ఒకటి చస్తూ పోతాయి. వడలిన పైరుకు నీళ్లు పెడితే తేరుకుంటుంది. ఎండిపోయిన పైరు తేరుకోదు. చచ్చిపోయిన గుండె కణం చోట కొత్త కణం రాదని చెప్పుకోవచ్చు. అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కొట్టుకోదు.

వయసు మళ్లిన గుండెకు ఇంకో కష్టం ఉంది. కణం ప్రాణవాయువుతో తిండిని మండించి బలం తెచ్చుకుంటుంది. పొయ్యిలో నిప్పురవ్వలు లేచినట్టు, అక్కడ కూడా రవ్వల్లాంటి పదార్థాలు పుడతాయి. వయసులో ఉన్న కణం వాటిని ఎప్పటికప్పుడు ఆర్పేస్తుంది. ముసలి కణంలో రవ్వలు ఎక్కువ, ఆర్పే శక్తి తక్కువ. కాబట్టి ప్రాణవాయువు అందకపోతే ముసలి గుండె తొందరగా దెబ్బతింటుంది. మూసుకున్న నాళం తెరుచుకుని రక్తం మళ్లీ వచ్చినప్పుడు కూడా ఒక్కసారిగా రవ్వలు లేస్తాయి. అందుకే సూది వేశాక కూడా డాక్టర్లు రోగిని కనిపెట్టుకుని ఉంటారు. అలాగని రక్తం రాకుండా ఉంటే కణాలు బతకవు.

ఆసుపత్రిలో అత్తకు ఈసీజీ తీశారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలకు మొదలైంది?" కోడలు గడియారం చూసే బయలుదేరింది. "ఆరున్నరకి" అని చెప్పింది. అప్పటికి ఎనిమిది దాటింది. అత్త చేత ఆస్పిరిన్ మాత్ర నమిలించారు. గడ్డను కరిగించే సూది వేశారు.

ఆస్పిరిన్ చవక మాత్ర. అయినా దాని సంగతి 1988లో గట్టిగా తేలింది. అనేక దేశాల్లో గుండెపోటు వచ్చిన 17 వేల మందికి పైగా రోగులతో పరీక్ష చేశారు. ఆస్పిరిన్ వాడిన వారిలో చావులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. గడ్డ కరిగించే మందు కూడా కలిపితే ఇంకా తగ్గాయి. కానీ ఈ మాత్ర అందరికీ పడదు. కడుపులో పుండు ఉన్నవాళ్లకు, రక్తం కారే జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. పక్షవాతం వచ్చినప్పుడు ఇంట్లో వేయకూడదు. అందుకని 108 వాళ్లనో డాక్టరునో అడిగే వేయాలి.

సూది 12 గంటల లోపల వేయాలి. ఎంత ముందు వేస్తే అంత కండ మిగులుతుంది.

సాయంత్రానికి కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. డాక్టరు అతనితో ఒకటే మాట అన్నాడు. "ఇప్పుడు తీసుకొచ్చి ఉంటే సగం గుండె పోయేది. బతకడం కూడా చెప్పలేం." మర్నాడు అత్తను పెద్దాసుపత్రికి పంపారు. నాళం సన్నబడిన చోట స్టెంటు వేశారు. స్టెంటు అంటే దారి మూసుకోకుండా పట్టి ఉంచే చిన్న జాలీ గొట్టం.

అత్త ఇంటికొచ్చింది. ఇక చుట్ట దగ్గర పేచీ మొదలైంది. అత్తది అడ్డపొగ. నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. "ముప్పై ఏళ్ల నుంచి కాలుస్తున్నా, ఏమైంది?" అంది అత్త. చుట్ట పొగలో కంటికి కనపడని ఒక విషవాయువు ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది, తొందరగా లేవదు. కట్టెల పొయ్యి పొగలో కూడా అదే ఉంటుంది. అంటే నాళం బాగున్నా గుండెకు ఊపిరి తగ్గిపోతుంది. పొగ నాళాలను కూడా చెడగొడుతుంది.

ఒకరోజు బజారులో ఎవరో "గుండె కణాలకు బలం" అంటూ మాత్రలు అమ్మారు. కొడుకు కొనబోయాడు. కోడలు వద్దంది. రవ్వలను ఆర్పుతుందని విటమిన్-ఇ మాత్రను కూడా పెద్ద ఎత్తున పరీక్షించారు. 55 ఏళ్లు దాటిన 9 వేల మందికి పైగా మనుషులతో నాలుగేళ్లకు మించి ఆ పరీక్ష నడిచింది. 2000లో ఫలితం వచ్చింది. గుండెపోట్లు తగ్గలేదు. ఆ డబ్బుతో ఆకుకూర, పప్పు, జామకాయ కొనుక్కోవడం నయం.

డాక్టరు రాసిన మందులు మాత్రం అత్త రోజూ వేసుకోవాలి. ఒంట్లో బాగుందని మానకూడదు. బీపీ, షుగరు చూపించుకోవాలి. మనిషికి రోజుకు ఉప్పు ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఆవకాయలో, ఎండుచేపలో ఉన్న ఉప్పు కూడా ఆ లెక్కలోదే. డాక్టరు సరేనన్నాక అత్త నడక మొదలుపెట్టింది. ముందు వీధి చివరి దాకా నడిచింది. ఇప్పుడు చెరువు గట్టు దాకా వెళ్లి వస్తోంది. చుట్టలు రోజుకు ఒకటికి దిగాయి. ఆ ఒకటి మీద ఇంకా పోట్లాట నడుస్తూనే ఉంది.

మాట్లాడుకోండి: మీ ఇంటికి దగ్గరలో ఈసీజీ తీసే ఆసుపత్రి ఏది? గడ్డ కరిగించే సూది అక్కడ ఉందా? లేకపోతే ఎక్కడ ఉంది? ఆశా కార్యకర్తను అడిగి రాసిపెట్టుకోండి. మీ ఇంట్లో ఇలా జరిగితే మగవాళ్లు వచ్చేదాకా ఆగుతారా?