సి డ్రైవ్ ఎర్రబడితే

డి.టి.పి. పనిలో జుట్టు నెరిసినవాణ్ని. షాపులో చేరే కుర్రాళ్లకు పేజ్‌మేకర్ కంటే ముందు ఇవే చెబుతుంటాను.

1. ఎర్ర గీత కనబడగానే డిలీట్ కొట్టకండి. ఏది ఎంత చోటు తింటోందో ముందు చూడండి. విన్‌డర్‌స్టాట్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. డ్రైవంతా గాలించి ఫైళ్లను రంగు రంగుల గళ్లుగా చూపిస్తుంది. ఎంత పెద్ద ఫైలుకి అంత పెద్ద గడి. ఉత్తరాలు, బిల్లులు ఓ వంద తీసేసినా చోటు పెరిగినట్టే ఉండదు. ఎవరో దించుకుని మరిచిపోయిన రెండు సినిమాలు తీస్తే జీబీలు తేలతాయి.

2. తీసేసింది రీసైకిల్ బిన్‌లోనే ఉంటే చోటు రాదు. బిన్ ఖాళీ చెయ్యాలి, చేసేముందు ఒకసారి తెరిచి చూడాలి.

3. కంప్యూటర్ మళ్లీ తయారు చేసుకోగలిగేది పోయినా ఫర్వాలేదు, మనం మళ్లీ తయారు చెయ్యలేనిది పోకూడదు. టెంప్ ఫోల్డర్‌లోవి మొదటి రకం. కొన్ని వాడకంలో ఉన్నాయంటూ మొరాయిస్తాయి, వాటిని వదిలెయ్యండి. విండోస్ కొత్త వెర్షన్‌కి మారాక మిగిలే విండోస్.ఓల్డ్ కూడా అంతే, కానీ చేత్తో పీకకండి. డిస్క్ క్లీనప్‌లో ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కి తీయించండి. అక్కడి జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కనబడితే టిక్ పెట్టేముందు ఆగండి. పార్టీలు మెయిల్లో పంపిన ఫొటోలన్నీ మనవాళ్లు అక్కడే పారేస్తారు.

ఇక ఫాంట్ల సంగతి. ‘ఇన్ని ఫాంట్లెందుకు సార్’ అంటూ అను ఫాంట్లు తీసెయ్యబోయే కుర్రాడు ఏటా ఒకడు తగులుతాడు. ఒక్కో ఫాంటు కేబీల్లోనే ఉంటుంది, తీసినా ఒరిగేదేమీ లేదు. పాత అను ఫైళ్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చున్నాయంతే. ఫాంటు లేకుండా శుభలేఖ తెరిస్తే పెళ్లికూతురి పేరున్న చోట బ్రాకెట్లు, కామాలు, ఇంగ్లిష్ అక్షరాలు కలగాపులగంగా కనబడతాయి. పదేళ్ల కింద కంపోజ్ చేసిన పుస్తకానికి రెండో ముద్రణ అడుగుతూ రచయిత వచ్చి కూర్చుంటే మనకి దిక్కు ఆ ఫాంట్లే.

4. హైబర్నేషన్ వాడనివాళ్లు దాన్ని ఆపేసుకోవచ్చు. విండోస్ 10లో మామూలుగా ఆ ఫైలు ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది. 8 జీబీ ర్యామ్ అయితే మూడు జీబీలు దాటుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్ అని కొడితే చాలు. ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది కాబట్టి ఆన్ కావడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది.

5. సి నిండి, డి ఖాళీగా పడి ఉండటం మన షాపుల్లో రివాజు. డెస్క్‌టాప్ మీద పెట్టిందంతా సి లోకే వెళ్తుందని చాలామందికి తెలియదు. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉంటుంది, అక్కణ్ణించి డి కి మార్చుకోండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌ని మాత్రం కట్ చేసి పేస్ట్ చెయ్యకండి, ఆ సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవు.

6. ‘మీ పీసీ స్లో అయింది, వెంటనే శుభ్రం చేయండి’ అని వాటంతటవే తెర మీదికి వచ్చేవాటిని నమ్మకండి. విండోస్‌లో ఉన్నవి మనకి చాలు.

7. డిస్క్ టిక్కుటిక్కుమంటున్నా, చిన్న ఫైలు తెరవడానికే నిమిషాలు పడుతున్నా క్లీనింగ్ జోలికే పోవద్దు. మిషన్ మీద ఇంకే పనీ పెట్టకుండా ముందు పార్టీల ఫైళ్లు, తర్వాత ఫాంట్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. సినిమాలు ఆఖర్న, టైముంటే.